ఎప్‌వర్త్ ఇంటి బడి: సూసన్నా వెస్లీ తల్లి జీవితము

తిమోతి విశ్వాసమును గూర్చి పౌలు వ్రాసినప్పుడు అతని బోధకుల పేర్లు చెప్పలేదు. అతని అవ్వ లోయి పేరు, తల్లి యునీకే పేరు చెప్పినాడు. సంఘ చరిత్ర వ్రాసేవారు ఎక్కువగా బిషప్పుల పేర్లు, మిషనరీల పేర్లు, దేవాలయములకు పునాది వేసిన తేదీలు వ్రాస్తారు. శతాబ్ది సంచికలో అవి ఉండవలసినవే. అయితే మన సంఘములు ఇంతకాలము నిలిచినది ఆదివారపు ఆరాధన వలన మాత్రమే కాదు. దీపము పెట్టిన వేళ, పొయ్యి దగ్గర, చాప మీద కూర్చుని తల్లులు పిల్లలకు చెప్పిన మాటల వలన కూడా నిలిచినవి. బాప్తిస్మములకు, వివాహములకు రిజిష్టరు ఉన్నది గాని ఈ పనికి రిజిష్టరు లేదు.

అందుచేత ఈ సంచికలో అటువంటి ఒక తల్లిని గూర్చి వ్రాయదలచినాను. ఆమె సూసన్నా వెస్లీ. వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చదివేటప్పుడు జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ సోదరులను గూర్చి ఎన్నో పేజీలు చదువుతాము. వారి తల్లిని గూర్చి ఒకటి రెండు వాక్యములతో ముందుకు పోతాము. ఆమెను ఎంచుకొనుటకు నాకు రెండు కారణములు ఉన్నవి. మొదటిది, తన ఇంటిలో పిల్లలకు దినదినము ఎట్లు చదువు చెప్పినదో ఆమె స్వహస్తముతో వ్రాసి పెట్టినది. రెండవది, ఆమె మన దేశమును ఎన్నడును చూడకపోయినను, ఆమె ఇంటి బడిలో ఒక గొప్ప మలుపు మన దక్షిణ దేశపు సముద్ర తీరమునుండి వెళ్లిన వార్త వలన కలిగినది.

పుట్టిల్లు, మెట్టినిల్లు

సూసన్నా 1669వ సంవత్సరము జనవరి 20వ తేదీన లండను నగరములో జన్మించినది. తండ్రి డాక్టర్ శామ్యూల్ ఆన్స్‌లీ గారు పేరుపొందిన ప్రసంగీకులు. ప్రభుత్వ సంఘపు క్రమమునకు పూర్తిగా లోబడుటకు మనస్సాక్షి ఒప్పక, 1662లో తమ పదవిని పోగొట్టుకొన్న కాపరులలో ఆయన ఒకరు. ఆయనకు ఇరవై అయిదుగురు పిల్లలని, సూసన్నా వారిలో కడగొట్టు బిడ్డ అని చెబుతారు. ఆడపిల్లలకు బడి చదువు అరుదైన ఆ కాలములో ఆమె తండ్రి గ్రంథాలయములోనే పెరిగినది. పండ్రెండు పదమూడేండ్ల వయస్సులోనే రెండు పక్షముల వాదనలు తూచి చూచుకొని, తండ్రి విడిచి వచ్చిన ఆంగ్లికన్ సంఘములోనికి తానుగా తిరిగి వెళ్లినది. తండ్రి నొచ్చుకొనవచ్చును గాని కుమార్తెను దూరము చేసికొనలేదు. బిడ్డ మనస్సాక్షిని గౌరవించిన ఇంటిలో ఆమె పెరిగినదని దీనివలన తెలియుచున్నది.

1688లో ఆమెకు శామ్యూల్ వెస్లీ అను యువకునితో వివాహమైనది. ఆయన పండితుడు, కవి, సంఘకాపరి. 1697 మొదలుకొని లింకన్‌షైరులోని ఎప్‌వర్త్ అను పల్లెలో కాపరిగా ఉండినారు. 1735లో మరణించువరకు అక్కడే సేవ చేసినారు. నీళ్లు నిలిచే పల్లపు నేల, మొరటు జనము, చాలని జీతము. ఆయనకు గ్రంథములు వ్రాయుట తెలిసినంతగా లెక్కలు చూచుకొనుట తెలియలేదు. అప్పులు ఎన్నడును తీరలేదు. సంఘ మహాసభ పనిమీద నెలల తరబడి లండనులో ఉండేవారు.

సూసన్నాకు పందొమ్మండుగురు బిడ్డలు పుట్టినారు. తొమ్మండుగురు పసితనములోనే పోయినారు. పెరిగి పెద్దవారైనవారు పదిమంది: శామ్యూల్, ఎమిలీ, సూకీ, మాలీ, హెట్టీ, నాన్సీ, జాన్, పాటీ, చార్లెస్, కెజీ. ముగ్గురు మగపిల్లలు, ఏడుగురు ఆడపిల్లలు. పది పేర్లను చదువుట తేలికయే. తొమ్మిది చిన్న సమాధుల ప్రక్కన నడిచిన తల్లి ఈ పదిమందికి చదువు చెప్పినదని మరువరాదు.

1705లో ముప్ఫై పౌన్లకు లోపు అప్పు కొరకు భర్తను లింకన్ కోటలోని చెరసాలలో పెట్టినారు. ఎన్నికల తగవులలో ఆయనకు పల్లెలో శత్రువులు ఏర్పడియుండిరి. ఆయన చెరలో ఉన్న దినములలో ఎవరో రాత్రివేళ వచ్చి వారి ఆవులను పొడిచినారు. పిల్లలకు పాలు పోయినవి. పాడి ఆవు అనగా ఇంటికి ఏమిటో పుంగనూరు సీమవారికి వివరించి చెప్పనక్కరలేదు. ఆ స్థితిలో సూసన్నా తన ఉంగరములను తీసి భర్త ఖర్చులకు చెరసాలకు పంపినది. ఆయన వాటిని తిరిగి పంపివేసినారు. తరువాత ఆర్చిబిషప్పు గారు, మీకు ఎప్పుడైనను రొట్టె లేకపోయినదా అని అడిగినప్పుడు, పూర్తిగా లేకపోలేదు గాని, దానిని సంపాదించుటకు పడిన బాధ, దాని వెల చెల్లించుటకు పడిన బాధ కలిసి ఆ రొట్టెనే చేదుచేసినవని ఆమె జవాబు చెప్పినది.

ఆరు గంటల బడి

ఇంతటి ఇబ్బందుల నడుమ ఆ ఇంటిలో ఆదివారములు తప్ప ప్రతిదినము బడి నడిచినది. ఉదయము తొమ్మిది మొదలు పండ్రెండు వరకు, మధ్యాహ్నము రెండు మొదలు అయిదు వరకు, దినమునకు ఆరు గంటలు. ఇరవై ఏండ్లు ఈ పని చేసినది. ఇది ఎట్లు సాధ్యమైనదో ఆమె తన కుమారుడు జాన్ కోరిక మీద 1732లో ఒక ఉత్తరములో వివరముగా వ్రాసినది. ఆ వివరములు మనకు నేటికిని పనికివస్తవి.

బిడ్డకు అయిదేండ్లు నిండువరకు అక్షరము చూపించేది కాదు. అప్పటికి ప్రభువు ప్రార్థనను, చిన్న చిన్న ప్రార్థనలను, కొన్ని లేఖన భాగములను నోటితో నేర్పేది. అయిదవ పుట్టినరోజు దాటిన మరునాడే అక్షరాభ్యాసము. దానికి ముందు దినము ఇల్లంతా సర్దేవారు. ఎవరి పని వారికి అప్పగించేవారు. ఆ దినము తొమ్మిదినుండి పండ్రెండు వరకు, రెండునుండి అయిదు వరకు ఆ గదిలోనికి ఎవ్వరును రాకూడదని ఆజ్ఞ. ఇంత పెద్ద కుటుంబములో ఒక బిడ్డకు ఒక దినమంతా తల్లి దొరికేది. బిడ్డకు అంతకంటె పెద్ద బహుమానము ఏమున్నది? ఇంగ్లీషు అక్షరములు చిన్నవి పెద్దవి అన్నియును ఆ ఒక్క దినములోనే వచ్చేవి. మాలీకి, నాన్సీకి మాత్రము దినమున్నర పట్టినది. వారు మందమతులని మొదట అనుకొన్నాను గాని, ఇతరుల పిల్లలు ఎంతకాలము తీసికొందురో చూచిన తరువాత అట్లు అనుకొనుట మానివేసితినని తల్లి తానే వ్రాసినది.

మరునాడు ఆదికాండము మొదటి అధ్యాయము తెరిచేది. మొదటి వచనమును అక్షరము అక్షరము కూర్చి, మాట మాట పలికించి, తడబాటు లేకుండ చదువువరకు దానినే చదివించేది. తరువాతనే రెండవ వచనము. ఈ విధముగా పది వచనములు ఒక పాఠము. పెద్దవాడు శామ్యూల్ ఈస్టరు పండుగకు మొదలుపెట్టి పెంతెకొస్తు నాటికి ఒక అధ్యాయమును చక్కగా చదువగలిగినాడు. చివరి కుమార్తె కెజీ విషయములో మాత్రము ఇతరుల ఒత్తిడివలన అయిదేండ్లు నిండకముందే మొదలుపెట్టవలసి వచ్చినది. మిగిలినవారికి నెలలలో వచ్చినది ఆమెకు ఏండ్లు పట్టినది. మూడేండ్ల పసివారి చేతికి పెన్సిలు ఇచ్చి తొందరపెట్టే మనము ఈ ఒక్క మాటను కొంచెము నిలిచి ఆలోచింపవలెను.

ఆమె ఇంటికి కొన్ని కట్టడలు ఉండినవి. తప్పుచేసిన బిడ్డ తానుగా వచ్చి ఒప్పుకొని, దిద్దుకొందునని మాట ఇచ్చిన యెడల దెబ్బ లేదు. భయము వలన పిల్లలు అబద్ధములు నేర్చుకొందురని ఆమె కనిపెట్టినది. ఒక తప్పుకు రెండుసార్లు శిక్ష లేదు. తరువాత దానిని ఎత్తి దెప్పరాదు. బిడ్డ ఇష్టమునకు విరోధమైన పనిని విధేయతతో చేసినప్పుడు తప్పక మెచ్చుకొనవలెను. మంచి మనస్సుతో చేసిన పని చెడినను, ఆ మనస్సును అంగీకరించి, మెల్లగా దిద్దవలెను. ఒకరి వస్తువు గుండుసూది అంతటిదైనను మరొకరు అడుగక తీసికొనరాదు. ఇచ్చిన మాట నిలుపుకొనవలెను.

కడపటి కట్టడ అన్నిటిలో ధైర్యమైనది. బాగుగా చదువుట వచ్చువరకు ఏ ఆడపిల్లకును కుట్టుపని నేర్పరాదు. పని నేర్పిన తరువాత చదువు ఎప్పటికిని రాదు అని ఆమె కారణము చెప్పినది. 1700 ప్రాంతములో, ఒక మారుమూల పల్లెలో, ఒక తల్లి పెట్టిన కట్టడ ఇది. అక్క అంట్లు తోముచుండగా తమ్ముడు పుస్తకము పట్టుకొని కూర్చుండుట ఇప్పటికిని మన ఇండ్లలో చూచుచున్నాము.

అగ్ని, చెదిరిన పిల్లలు

1709 ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి కాపరి ఇల్లు తగులబడినది. సూసన్నా అప్పుడు నిండు గర్భవతి. కాళ్లు చేతులు ముఖము కాలినను మంటలలోనుండి నడిచి బయటపడినది. పిల్లలను లెక్కించగా అయిదేండ్ల జాన్ లేడు. వాడు మేడమీద కిటికీలో కనబడినాడు. నిచ్చెన తెచ్చు వ్యవధి లేదు. ఒక మనిషి భుజములమీద మరొక మనిషి నిలిచి వానిని దించుకొన్న వెంటనే ఇంటి కప్పు కూలినది. అగ్నిలోనుండి తీయబడిన కొరవి తానే అని జాన్ వెస్లీ గారు జీవితాంతము తలంచుకొనేవారు.

ఈ కథ ఆదివారపు బడిలో మనమందరము విన్నదే. దాని తరువాత జరిగినది అంతగా వినలేదు. ఇల్లు కాలినందువలన పిల్లలను ఇంటికొకరుగా బంధువుల వద్ద, పొరుగువారి వద్ద ఉంచవలసి వచ్చినది. కొన్ని నెలలలోనే తల్లి ఎన్నో ఏండ్లు కట్టిన క్రమము చెదిరినది. పిల్లలు పనివారితో కలిసి తిరిగి మొరటు మాటలు, చెడ్డ పాటలు నేర్చుకొన్నారు. ఆదివారమును ఆచరించుట మరచినారు. ఇటుకలతో కొత్త ఇల్లు లేచి అందరు తిరిగి కూడినప్పుడు, ఆమె ఎదుట ఉన్నది తాను పెంచిన పిల్లలవలె కనబడలేదు.

ఆమె మరల మొదటినుండి మొదలుపెట్టినది. ఈసారి కొన్ని కొత్త ఏర్పాట్లు చేసినది. బడి ఆరంభములోను ముగింపులోను కీర్తన పాడుట అప్పుడే మొదలైనది. సాయంకాలము అయిదు గంటలకు పిల్లలను జతలు చేసేది. అందరికంటె పెద్దవారు మాటలు వచ్చిన అందరికంటె చిన్నవారిని, రెండవవారు వారి పైవారిని, ఆ వరుసగా తీసికొని, ఆ దినపు కీర్తనలను, క్రొత్త నిబంధనలో ఒక అధ్యాయమును చదివి వినిపించవలెను. ఉదయము ఫలహారమునకు ముందు కీర్తనలు, పాత నిబంధనలో ఒక అధ్యాయము. తల్లి ఒక్కతె అయినను బోధకులు అయిదుగురైనారు. పెద్దపిల్లలకు బాధ్యత తెలిసినది, చిన్నవారికి అక్క ఒడి దొరికినది.

పుస్తకములు కాలిపోయినందున ఆమె తానే పుస్తకములు వ్రాసినది. అపొస్తలుల విశ్వాస ప్రమాణము మీద దీర్ఘమైన వివరణను 1710లో కుమార్తె సూకీకి ఉత్తరముగా వ్రాసినది. పది ఆజ్ఞలమీద మరొకటి వ్రాసినది. పెద్ద కుమార్తె ఎమిలీకిని తనకును మధ్య సంభాషణగా ఇంకొకటి వ్రాసినది. వేదాంత పట్టము లేని ఈ తల్లి వ్రాతలను నేడు విద్వాంసులు శ్రద్ధగా చదువుచున్నారు.

తరంగంబాడి నుండి వచ్చిన పుస్తకము

ఇప్పుడు మన దేశపు సంగతికి వచ్చుచున్నాను. 1706 జూలై 9వ తేదీన బర్తలోమియో సీగెన్‌బాల్గ్, హైన్రిష్ ప్లూచౌ అను ఇద్దరు జర్మను యువకులు డెన్మార్కు రాజు పంపగా కావేరి సీమలోని తరంగంబాడిలో ఓడ దిగినారు. తమిళమును చిన్నపిల్లలతోపాటు ఇసుకలో వ్రాసి నేర్చుకొన్నారు, బడులు పెట్టినారు, ఆడపిల్లలకు కూడ బడి పెట్టినారు. వారు స్వదేశమునకు వ్రాసిన ఉత్తరములు ఇంగ్లీషులో పుస్తకముగా వచ్చినవి. ఆ పుస్తకము ఎప్‌వర్త్ కాపరి గదిలోనికి చేరినది. ఎమిలీ దానిని కనుగొని తల్లికి చదివి వినిపించినది.

అనేక దినములు ఆమె ఆ మాటలనే తలపోసినది. తాను పురుషుడు కాదు, కాపరి కాదు, సముద్రము దాటి వెళ్లలేదు. అయినను దేవుని మహిమకొరకు వారికి ఉన్న ఆసక్తి తనకు ఉన్నయెడల, ఇప్పుడు చేయుచున్న దానికంటె ఎక్కువ చేయవచ్చును కదా అని తలంచినది. ఎక్కడ మొదలుపెట్టవలెనని ఆలోచించి, తన పిల్లలతోనే మొదలుపెట్టినది. ఈ సంగతిని 1712 ఫిబ్రవరిలో భర్తకు వ్రాసిన ఉత్తరములో ఆమె తెలియజేసినది.

ఆమె చేసిన నిర్ణయము చాల చిన్నది. ప్రతి రాత్రి ఒక బిడ్డతో ఒంటరిగా కూర్చుండి మాట్లాడుట. సోమవారము మాలీ, మంగళవారము హెట్టీ, బుధవారము నాన్సీ, గురువారము జాన్, శుక్రవారము పాటీ, శనివారము చార్లెస్. ఆదివారము ఎమిలీ, సూకీ. ఆ సమయములో అక్షరములు లేవు, అప్పగింత లేదు. బిడ్డకు ఉన్న భయములు, సందేహములు, ఆశలు వినుట, దేవుని విషయము చెప్పుట. ఆరు గంటల బడి అంతకుముందే ఉన్నది. క్రమము ఉన్నది, కట్టడ ఉన్నది. అయితే ఒక్కొక్కరి హృదయమునకు ద్వారము తెరిచినది ఈ రాత్రి సమయమే.

దీని ఫలము ఇరవై ఏండ్ల తరువాత కనబడినది. 1732లో జాన్ వెస్లీ ఆక్స్‌ఫర్డులో అధ్యాపకులు. పెద్ద పండితుడని పేరు. అప్పుడు ఆయన తల్లికి ఉత్తరము వ్రాసి, తన కొరకు పూర్వము ఇచ్చిన ఆ గురువారపు సాయంకాలపు చిన్న సమయమును మరల ప్రార్థనలో తనకు ఇమ్మని వేడుకొన్నారు. ఆమె నేర్పిన పాఠములలో దేనిని ఆయన అడుగలేదు. గురువారమును అడిగినారు.

అదే చలికాలములో, 1711-12లో, భర్త లండనులో ఉండగా, ఆదివారము సాయంకాలము ఆమె పిల్లలకును పనివారికిని ప్రార్థనలు చదివి, ఒక ప్రసంగమును చదివి వినిపించేది. పొరుగువారు మేమును వస్తామన్నారు. ముప్ఫై మంది, నలుబది మంది, చివరకు రెండు వందల మంది, ఇల్లు పట్టలేదు. సహాయ కాపరికి అది నచ్చక ఫిర్యాదు వ్రాసినాడు. భర్త మానుమని వ్రాసినారు. ఆమె జవాబు వినయముగాను నిక్కచ్చిగాను ఉండినది. మాన్పింపవలెనన్న కోరిక చాలదు, స్పష్టముగా ఆజ్ఞ ఇయ్యవలెను, ఆ ఆత్మలకు మేలు జరుగనందుకు తీర్పు దినమున ఆ బాధ్యత తనమీద ఉండకూడదు అని వ్రాసినది. భర్త ఆజ్ఞ ఇయ్యలేదు. కూటములు సాగినవి.

నీడలు కూడ ఉన్నవి

పరిశుద్ధుల జీవితములను వెలుగు మాత్రమే చూపి వ్రాయుట లేఖన పద్ధతి కాదు. బిడ్డ యొక్క స్వంత ఇష్టమును పసితనములోనే లోబరచవలెనని సూసన్నా నమ్మినది. ఏడాది నిండగానే, కొందరికి అంతకుముందే, బెత్తమునకు భయపడుటయు, మెల్లగా ఏడ్చుటయు నేర్పినానని ఆమెయే వ్రాసినది. ఆ కాలపు తల్లిదండ్రులలో అనేకులు దానిని తప్పు అనుకొనలేదు. మనము ఆమె బెత్తమును ఎత్తుకొని, ఆమె గురువారమును విడిచిపెట్టరాదు. మన దేశములో 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను నిషేధించినది. ఇంటిలోను దెబ్బతో నేర్పిన వాక్యము దెబ్బగానే గుర్తుంటుంది. ఒప్పుకొన్నవానికి శిక్ష లేదు అన్న ఆమె కట్టడలోనే ఇంతకంటె మంచి మార్గము ఉన్నది.

రెండవ నీడ కుమార్తెలది. హెట్టీ ఎనిమిదేండ్లకే గ్రీకు క్రొత్త నిబంధన చదివినదని చెబుతారు. అన్నదమ్ములకు దీటైన తెలివి, కవిత్వము. మగపిల్లలకు వయస్సు రాగానే లండను బడులు, ఆక్స్‌ఫర్డు కళాశాల తెరుచుకొన్నవి. ఆడపిల్లలకు ఏ ద్వారమును తెరుచుకొనలేదు. హెట్టీ యౌవనములో అడుగు తప్పినది. 1725లో ఆమె చదువుకు, మనస్సుకు తగని వ్యక్తితో వివాహము జరిపించినారు. తండ్రి హృదయము ఆమె విషయములో కరుగలేదు. తమ్ముడు జాన్ మరుసటి సంవత్సరము తండ్రి సంఘములోనే పాపముచేసినవారి యెడల చూపవలసిన ప్రేమను గూర్చి ప్రసంగించినారు. పాటీకి దొరికిన భర్త నమ్మకద్రోహి. ఎమిలీ ఉపాధ్యాయినిగా కష్టపడి గెయిన్స్‌బరోలో బడి నడిపినది. ఇంటి బడి ఎంత గొప్పదైనను, బయట తలుపులు మూసియున్నయెడల ఆడపిల్ల చదువు ఆమెకు బాధగా కూడ మారవచ్చును. మన మిషనువారు ఆడపిల్లలకు బడులు, బోర్డింగులు, నర్సింగు శిక్షణ పెట్టిన మేలు ఎంతటిదో హెట్టీ జీవితము చదివినవారికి తెలియును.

కడపటి దినములు

1735లో భర్త మరణించిన తరువాత సూసన్నాకు స్వంత ఇల్లు లేదు. పిల్లల ఇండ్లలో మారి మారి ఉండినది. చివరకు లండనులో జాన్ వెస్లీ కూటములు జరిపిన ఫౌండరీ అను పాత ఫిరంగుల కార్ఖానాలో ఆమెకు ఒక గది దొరికినది. అభిషేకము లేని థామస్ మాక్స్‌ఫీల్డ్ అను యువకుడు ప్రసంగించుచున్నాడని విని జాన్ కోపముతో వచ్చినప్పుడు, ఆ యువకుడు కూడ నీవలెనే దేవుని పిలుపు పొందినవాడు, తొందరపడక ముందు అతని మాట విను, ఫలము చూడు అని తల్లి సలహా చెప్పినది. ఆయన విన్నారు. ఆ విధముగా సామాన్య బోధకుల సేవకు దారి ఏర్పడినది. పల్లెలలో ఉపదేశుల సేవమీద పెరిగిన మన సంఘములకు ఆ మాట విలువ తెలియును.

1742 జూలైలో ఆమె ప్రభువునందు నిద్రించినది. ప్రాణము విడిచిన వెంటనే దేవునికి స్తుతికీర్తన పాడుడని పిల్లలను కోరినది. చుట్టును నిలిచినవారు అట్లే పాడినారు. లండనులోని బన్‌హిల్ ఫీల్డ్స్ సమాధుల తోటలో ఆమెను ఉంచినారు. ఆమె కుమారుల సేవవలన పుట్టిన మెథడిస్టు సంఘము తరువాతి శతాబ్దములో తెలుగు దేశమునకును వచ్చినది. 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయము ఆ మిషనువారిదే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆ ధార మన ధారతో కలిసినది. తరంగంబాడికి వచ్చిన ఆ మిషనులోనే తరువాత బెంజమిన్ షుల్జ్ గారు తెలుగు నేర్చుకొని, వేదమును తెలుగు చేయుటకు పూనుకొన్నారు. ఆయన తెలుగు పుస్తకములు 1740లలో జర్మనీలోని హాలే పట్టణములో అచ్చయినవి.

మన ఇండ్లకు

మదనపల్లెలో టమాటా మార్కెట్టుకు తెల్లవారకముందే బయలుదేరే తండ్రులున్నారు. పుంగనూరు చుట్టుపట్ల పల్లెలలో పాడి, సేద్యము, కూలిపనితో తల్లులకు చీకటి పడువరకు తీరిక లేదు. కుప్పములో బెంగుళూరు రైలెక్కి పనికి వెళ్లివచ్చేవారు ఎందరో. ఇటువంటివారికి ఆరు గంటల ఇంటి బడి చెప్పుట అవివేకము. మన పిల్లలకు బడులున్నవి, వాటిని మాన్పించవద్దు. అయితే బడి చేయలేని పనులు రెండు ఉన్నవి.

మొదటిది తెలుగు వేదము చదువుట. ఇండ్ల ప్రార్థనలకు వెళ్లినప్పుడు వాక్యము చదువుమని అడిగితే, ఇంగ్లీషు మీడియములో చదివే పిల్లలు అనేకులు తల వంచుకొనుచున్నారు. నోటికి తెలుగు వచ్చును, కంటికి రాదు. కుప్పములో తెలుగు, తమిళము, కన్నడము మూడును వినగల బిడ్డకు ఒకదానిలోనైనను ప్రభువు మాటను చదువుట రాకపోవుట కాపరులుగా మనలను కలతపెట్టవలెను. జేకబ్ చాంబర్లేన్ దొరగారు 1863లో మదనపల్లెకు వచ్చి, తెలుగు వేదమును సవరించు పనిలో ఎన్నో ఏండ్లు శ్రమించినారు. ఆ శ్రమ మన మనుమల కాలములో అలమారలో మూతపడి ఉండకూడదు. మన ఏబది ఆరు అక్షరములు, గుణింతములు, ఒత్తులు ఒక దినములో రావు. అయినను సూసన్నా పద్ధతి చేయదగినదే. ఆదికాండము మొదటి అధ్యాయములో ముప్ఫై ఒక్క వచనములున్నవి. తడబాటు లేకుండ చదువువరకు రాత్రికి ఒక వచనము చొప్పున ఒక నెల. తల్లికి చదువు రాని ఇంటిలో అక్క నేర్పవచ్చును, తమ్ముడు నేర్చుకొనవచ్చును. ఆ తల్లి ప్రక్కన కూర్చుండి వినిన చాలును, ఆమెయు నేర్చుకొనును.

రెండవది ఒక్కొక్కరికి ఒక సాయంకాలము. ముగ్గురు పిల్లలున్న ఇంటిలో వారమునకు ఒక్కొక్కరికి రెండు రాత్రులు వచ్చును. అరగంట చాలును. టెలివిజను కట్టివేసి, ఫోను ప్రక్కగదిలో పెట్టి, మార్కుల ప్రస్తావన తేకుండ, బిడ్డ మాట వినుట. ఇది తల్లులకు మాత్రమే చెప్పిన మాట కాదు. శామ్యూల్ వెస్లీ గారు మగపిల్లలకు గ్రీకు, లాటిను నేర్పినారు గాని, ఆ సాయంకాలములు తల్లివే. మన తండ్రులు వారములో ఒక్క రాత్రి అయినను తీసికొనవలెను. కాపరుల ఇండ్లు ముందుగా మొదలుపెట్టవలెను. సంఘములోని అందరి పిల్లలను పలుకరించి, ఇంటిలోని బిడ్డను పలుకరింపక పడుకొనుట మా వృత్తిలో సులభము.

ప్రియ చదువరులారా, మన పిల్లలలో ఎవరు జాన్ వెస్లీ అగుదురో, ఎవరు హెట్టీవలె దుఃఖపడుదురో మనకు తెలియదు. సూసన్నాకును తెలియదు. మాలీ సోమవారమునకును జాన్ గురువారమునకును ఆమె ఒకే సమయమును ఇచ్చినది. ఈ డయోసిస్ మరుసటి శతాబ్ది సంచికలో వ్రాయబోవువారు ఇప్పుడు మన ఇండ్లలో చాప మీద కూర్చుండి ఉన్నారు. వారిలో ప్రతి ఒక్కరికి వారములో తనదైన ఒక సాయంకాలము ఉండునట్లు ప్రభువు మన గృహములకు సహాయము చేయునుగాక.